పట్టుబడింది తెలుసు, పారింది ఎంత?

2022 ఫిబ్రవరి 12న అనకాపల్లి దగ్గర కోడూరులో ఆంధ్రప్రదేశ్ పోలీసులు దాదాపు రెండు లక్షల కిలోల గంజాయిని కుప్పలుగా పోసి తగలబెట్టారు. రెండేళ్ల పాటు కేసుల్లో పట్టుబడి పేరుకుపోయిన సరుకు అది. అంతకు ముందు, 2021 అక్టోబరు చివర మొదలైన ‘ఆపరేషన్ పరివర్తన’లో విశాఖ ఏజెన్సీలోని 11 మండలాల్లో సుమారు ఏడున్నర వేల ఎకరాల గంజాయి తోటలు నరికేశామని, వాటి విలువ 9,250 కోట్ల రూపాయలని ప్రకటించారు. కొండలెక్కి, వాగులు దాటి చేసిన ఆ పనిని తక్కువ చేయడానికి లేదు. అయితే ఆ మంటల ముందు నిలబడి అడగవలసిన ప్రశ్న ఒకటుంది. ఆ రెండేళ్లలో ఆంధ్రా ఒడిశా సరిహద్దు కొండల నుంచి మొత్తం ఎంత గంజాయి కిందికి దిగింది? కాలిపోయింది అందులో సగమా, పదో వంతా, నూరో వంతా? దీనికి ఏ శాఖ దగ్గరా జవాబు లేదు. మన దగ్గరున్నవన్నీ పట్టుబడిన సరుకు లెక్కలు. జనం చేతికి చేరేది మాత్రం పట్టుబడని సరుకు. వలలో పడ్డ చేపల్ని తూచి, చెరువులో ఇన్ని చేపలున్నాయని చెప్పుకుంటున్నాం. వల పెద్దదైనా తూకం పెరుగుతుంది, చెరువులో చేపలు పెరిగినా తూకం పెరుగుతుంది. తూకం ఒక్కటే చూసినవాళ్లకు ఈ రెంటిలో ఏది జరిగిందో తెలిసే దారి లేదు.

జగిత్యాల జిల్లా బీర్పూర్ మండలం వైపు నుంచి చూస్తే ఈ సంగతి ఇంకా బాగా అర్థమవుతుంది. అక్కడికి కొద్ది దూరంలో, ధర్మపురి మీదుగా 63వ నంబరు జాతీయ రహదారి పోతుంది. దాని పడమటి కొస మహారాష్ట్రలోని బార్షీ, తూర్పు కొస ఒడిశా కోరాపుట్ జిల్లాలోని బొరిగుమ్మ. అంటే గంజాయి పండే కొండలూ, దాన్ని కొనే పడమటి ఊళ్లూ, మధ్యలో జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి అన్నీ ఒకే తారురోడ్డు మీద ఉన్నాయి. మామిడి కాలంలో ఈ ప్రాంతపు దారుల్లో రాత్రింబవళ్లు లారీలు తిరుగుతాయి. సమాచారం అందితే పోలీసులు బండి ఆపుతారు, అందకపోతే పోనిస్తారు. ప్రతి లారీలో పండ్ల పెట్టెలన్నీ దింపి అడుగు వెతకడం ఎవరి తరమూ కాదు. ఒక నెల రెండు కేసులు, మరుసటి నెల ఎనిమిది కేసులు నమోదయ్యాయనుకుందాం. సరుకు నాలుగింతలు పెరిగిందా? కొత్తగా వచ్చిన ఎస్సై చురుకైనవాడా? వేగు దొరికాడా? జూన్ 26 మాదకద్రవ్యాల వ్యతిరేక దినం కాబట్టి తనిఖీలు పెంచమని పైనుంచి ఆదేశం వచ్చిందా? కేసుల సంఖ్య ఇందులో దేనికీ సాక్ష్యం కాదు. ఎన్ని బండ్లు ఆపి వెతికితే ఎన్నింటిలో దొరికిందో రాసి ఉంటే కొంత తెలిసేది. దొరికిన బండ్ల సంఖ్య పత్రికలకు వస్తుంది, ఆపి వెతికి వదిలేసిన బండ్ల సంఖ్య రాదు.

కిలోల సంగతి ఇలా ఉంటే, రూపాయల సంగతి ఇంకా బరువైనది. పరివర్తన లెక్కనే తీసుకోండి. 9,250 కోట్లను ఏడున్నర వేల ఎకరాలతో భాగిస్తే ఎకరానికి కోటీ ఇరవై మూడు లక్షలు. కోడూరులో కాల్చిన రెండు లక్షల కిలోల విలువ 500 కోట్లని ఎక్కువ వార్తల్లో వచ్చింది, అంటే కిలో 25 వేలు. రెండు లెక్కలూ ఒకేసారి నిజం కావాలంటే ప్రతి ఎకరంలో దాదాపు 490 కిలోల ఎండు గంజాయి దిగాలి, అదంతా నగరం ధరకే అమ్ముడుపోవాలి. ఏజెన్సీ గిరిజన రైతు చేతికి కిలోకి కొన్ని వేలకు మించి రాదని ఆ ప్రాంతం గురించి రాసినవాళ్లు చెబుతున్న మాట. ఎకరానికి కోటి రూపాయలు నిజంగా ఆ కొండ మీదికి చేరి ఉంటే అక్కడ ఒక్క రేకుల ఇల్లు కూడా మిగిలేది కాదు. సరుకు ఒకటే అయినా పొలంలో దానిది ఒక ధర, దళారి దగ్గర ఒక ధర, హైదరాబాద్ సందులో పొట్లం ధర మరొకటి. ఏ ధరతో గుణించాలన్నది గుణించేవాడి ఇష్టం. ఐక్యరాజ్యసమితి 2005లో వేసిన అంచనాయే దీనికి సాక్ష్యం. 2003 సంవత్సరానికి ప్రపంచ మాదకద్రవ్యాల వ్యాపారం పండించేవాళ్ల స్థాయిలో 13 బిలియన్ డాలర్లు, టోకు స్థాయిలో 94 బిలియన్లు, చిల్లర స్థాయిలో 322 బిలియన్లు అని తేల్చింది. పత్రికల్లో నిలిచింది చివరి అంకె. అంతకు ముందు 1997లో అదే సంస్థ 400 బిలియన్లని, ప్రపంచ వాణిజ్యంలో ఎనిమిది శాతమని చెప్పింది. ఆర్థికవేత్తలు చాలామంది దాన్ని ఒప్పుకోలేదు, అయినా ఆ అంకె ఏళ్ల తరబడి ఉపన్యాసాల్లో తిరిగింది.

ఇలాంటి అంకెలకు దీర్ఘాయుష్షు ఎందుకుంటుందో 1971లోనే మాక్స్ సింగర్ అనే అమెరికా రచయిత చూపించాడు. న్యూయార్క్‌లో హెరాయిన్‌కు అలవాటుపడ్డవాళ్లు ఏటా కోట్ల కోట్ల డాలర్ల సొత్తు దొంగిలిస్తున్నారని అప్పట్లో అందరూ అనేవారు. ఆయన చేసిందల్లా ఆ నగరంలో జరిగే ఒక్కో రకం దొంగతనంలో పోయే సొత్తును విడివిడిగా కూడి చూడడం. అలవాటుపడ్డవాళ్ల ఖాతాలో వేస్తున్న మొత్తం, ఊరంతా కలిపి పోయినదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువని తేలింది. పెద్ద అంకె వల్ల నష్టపోయేవాడు కనిపించడు, అందుకే దాన్ని ఎవరూ తిరిగి కూడి చూడరు. శాఖకు పని జరిగినట్టు కనిపిస్తుంది, పత్రికకు శీర్షిక దొరుకుతుంది, ప్రతిపక్షానికి ఆయుధం దొరుకుతుంది.

అసలు తూకమే ఒక చిక్కు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) ప్రకారం గంజాయి అంటే మొక్క పూత, కాయ ఉన్న కొసలు. కొసలు లేకుండా ఉన్న ఆకులు, గింజలు గంజాయి కిందికి రావు. పొలంలో పీకిన పచ్చి మొక్కను వేర్లతో, కాడలతో తూస్తే ఒక బరువు, ఎండబెట్టి కొసలు తుంచితే అందులో చిన్న భాగం. ‘శీలావతి’ రకం కట్టలు గోదాములో పడి ఉంటే తేమ పోయి మరింత తేలికవుతాయి. గంజాయి నుంచి హాష్ ఆయిల్ తీసి చిన్న సీసాల్లో పంపడం మొదలయ్యాక కిలోల లెక్క ఇంకా తప్పుతోవ పట్టిస్తోంది. బరువు తగ్గి మత్తు పెరిగితే, పుస్తకంలో సరఫరా తగ్గినట్టు కనిపిస్తుంది. న్యాయస్థానాలు కూడా ఈ ముడిని రెండు రకాలుగా విప్పాయి. కల్తీ కలిసిన సరుకులో అసలు మందు ఎంతుందో అదే లెక్కని సుప్రీంకోర్టు 2008లో ఇ. మైకేల్ రాజ్ కేసులో చెప్పింది. మొత్తం మిశ్రమం బరువే లెక్కని కేంద్రం 2009లో నోటిఫికేషన్ ఇచ్చింది, 2020లో హీరాసింగ్ కేసులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ పద్ధతినే ఖాయం చేసింది. శిక్షలు వేయడానికి అది సరైన పద్ధతే కావచ్చు. సరఫరా తెలుసుకోవడానికి మాత్రం స్వచ్ఛత ఎంతో తెలియాలి. రశీదు మీద ఉండేది బరువు మాత్రమే.

ఇక లెక్క రాసేవాళ్లు ఎందరని? పోలీసులు, అబ్కారీ శాఖ, రైల్వే పోలీసులు, కస్టమ్స్, కేంద్ర రెవెన్యూ నిఘా సంస్థ డీఆర్‌ఐ, కేంద్ర మాదకద్రవ్యాల నియంత్రణ సంస్థ ఎన్‌సీబీ, తెలంగాణలో 2025 నుంచి ‘ఈగల్’గా పిలుస్తున్న ప్రత్యేక దళం. ఇద్దరు కలిసి దాడి చేస్తే ఇద్దరి పుస్తకాల్లోనూ ఆ సరుకు ఎక్కే అవకాశముంది. ఒకే ఎఫ్‌ఐఆర్‌లో పలు నేరాలుంటే పెద్ద నేరాన్నే లెక్కించడం జాతీయ నేర గణాంకాల పద్ధతి కాబట్టి, మరో పెద్ద కేసు చాటున మత్తు కేసు మాయమయ్యే అవకాశమూ ఉంది. ఏ రాష్ట్రం ఖాతాలో రాయాలన్నది ఇంకో చిక్కు. 2021 సెప్టెంబరులో గుజరాత్‌లోని ముంద్రా రేవులో 2,988 కిలోల హెరాయిన్ దొరికింది. సరుకు అఫ్ఘానిస్తాన్‌ది, ఓడ ఎక్కింది ఇరాన్‌లో, దిగుమతి చేసుకున్న సంస్థ చిరునామా విజయవాడ. ఆ ఒక్క సంఘటనతో దేశం ఏడాది లెక్కే ఎగిసిపడింది. అది మన దగ్గర వాడకానికి వచ్చిన సరుకని గానీ, ఆ ఏడాదే కొత్తగా రావడం మొదలైందని గానీ దాన్నుంచి చెప్పలేం. దీనికి తోడు సరిహద్దుల మార్పు. జగిత్యాల జిల్లా, అందులో బీర్పూర్ మండలం 2016లో ఏర్పడ్డాయి. గంజాయి పండే మండలాలు 2022 ఏప్రిల్ నుంచి అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నాయి. పదిహేనేళ్ల ధోరణి చూద్దామంటే పాత కరీంనగర్, పాత విశాఖపట్నం అంకెల్ని మండలాల వారీగా విడదీసి మళ్లీ కుట్టుకోవాలి.

గంజాయి గురించి ఇంత మాట్లాడాం గానీ, ఉత్తర తెలంగాణ పల్లెకు దగ్గరి మత్తు అది కాదు. కల్లు. చెట్టు ఎక్కి దించిన ఈత కల్లు, తాటి కల్లు గురించి కాదు నేను చెప్పేది. నీళ్లలో చక్కెర, శాకరిన్ కలిపి, దాంట్లో క్లోరల్ హైడ్రేట్, డైజోఫాం, అల్ప్రాజోలం వంటి మత్తుమందులు కలిపి డిపోల్లో సీసాకెత్తే మందు కల్లు గురించి. నిజాయితీగా చెట్టెక్కి బతికే గీత కార్మికుడి పొట్ట కొట్టేది కూడా ఇదే. కిలోల భాష ఇక్కడ పూర్తిగా చేతులెత్తేస్తుంది. దుకాణంలో దొరికే అల్ప్రాజోలం మాత్రలో మందు అర మిల్లీగ్రాము ఉంటుంది, ఒక్కోసారి పావు మిల్లీగ్రామే. అర మిల్లీగ్రాము లెక్కన కిలో పొడి ఇరవై లక్షల మాత్రలతో సమానం. చట్టంలో గంజాయికి 20 కిలోలు వాణిజ్య పరిమాణమైతే అల్ప్రాజోలంకు 100 గ్రాములే. ‘ఈ ఏడాది ఇన్ని వేల కిలోల మాదకద్రవ్యాలు పట్టుకున్నాం’ అని రెంటినీ ఒకే మొత్తంగా కూడితే, రెండు బస్తాల గంజాయి పక్కన ఒక జిల్లాను మగతలో ముంచగల పొడి పొట్లం కనిపించకుండా పోతుంది. 2025 సెప్టెంబరులో సికింద్రాబాద్ ఓల్డ్ బోయిన్‌పల్లిలో ఒక ప్రైవేటు పాఠశాల భవనంలో అల్ప్రాజోలం తయారీ బయటపడింది. ఒకవైపు పిల్లలకు పాఠాలు, మరోవైపు రియాక్టర్లు. దాడి రోజున దొరికిన సరుకు లెక్కకెక్కింది. అంతకు ముందు నెలల తరబడి అక్కడ తయారై కల్లు డిపోలకు వెళ్లిపోయింది ఏ పట్టికలోనూ లేదు. తాగినవాళ్ల ఒంట్లో మాత్రం ఉంది.

అంచనాకు రెండో దారి సరఫరా వైపు నుంచి కాక వాడకం వైపు నుంచి లెక్కించడం. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం ఎయిమ్స్ చేసి 2019లో విడుదల చేసిన జాతీయ సర్వే ఈ దారిలో మనకున్న పెద్ద ప్రయత్నం. రెండు లక్షల కుటుంబాల్లో 4,73,569 మందిని అడిగారు. పదేళ్ల నుంచి డెబ్బై అయిదేళ్ల లోపువారిలో 2.8 శాతం మంది ఏడాదిలో గంజాయి, భంగు వంటివి వాడారని, నల్లమందు జాతి మత్తు 2.1 శాతమని, మత్తుమాత్రల దుర్వినియోగం 1.08 శాతమని తేల్చారు. ఇంటికి వెళ్లి అడిగితే నిజం రాదని వాళ్లకూ తెలుసు. అందుకే 135 జిల్లాల్లో మత్తు వాడేవాళ్ల ద్వారానే తోటివాళ్లను కలుసుకుంటూ 72 వేల మందికి పైగా విడిగా మాట్లాడారు. గౌరవించదగ్గ శ్రమ. కానీ జగిత్యాల పల్లెలో ఆ ప్రశ్నపత్రం పట్టుకుని అరుగు మీద కూర్చున్న మనిషిని ఊహించండి. లోపల అత్తమ్మ వింటుంటుంది. ఆ ఇంటి పెద్దకొడుకు దుబాయిలో, చిన్నవాడు హైదరాబాద్ హాస్టల్లో. ఉన్న ఒక్క మగమనిషిని ‘మత్తుమాత్రలు వాడుతున్నావా’ అని అడిగితే లేదంటాడు. అబద్ధం చెప్పడం లేదు. తాను తాగుతున్నది కల్లే అనుకుంటున్నాడు. అందులో అల్ప్రాజోలం ఉందని తెలియనివాణ్ణి ఏ సర్వే లెక్కించగలదు?

కల్లులో దాగిన ఆ మందు సంగతి బయటపడింది సరుకు ఆగినప్పుడే. 2015 సెప్టెంబరులో తెలంగాణ ప్రభుత్వం కల్తీ కల్లుపై దాడులు చేయగానే నిజామాబాద్, మహబూబ్‌నగర్ వంటి జిల్లాల ఆసుపత్రులు నిండిపోయాయి. మూర్ఛలు, వణుకు, మతి తప్పిన మాటలు. మంచానికి కట్టేసి పడుకోబెట్టిన మనుషులు. కొందరు చనిపోయారు. 2020 లాక్‌డౌన్‌లో మద్యం, కల్లు దొరక్క ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి వచ్చేవాళ్లు ఒక్కసారిగా పెరిగారు. పట్టుబడిన పొడి లెక్కలు ఏళ్ల తరబడి చెప్పలేని విషయాన్ని సరుకు ఆగిన ఆ రోజుల ఆసుపత్రి రిజిస్టర్లు చెప్పాయి. ఎంతమంది శరీరాలు ఆ మందుకు అలవాటుపడ్డాయో, ఏ మండలాల్లో ఎక్కువో, సరఫరా ఎంత నిలకడగా సాగిందో వాటిలో ఉంది. ఆ రిజిస్టర్లను కూర్చి, పటం మీద గుర్తించి, జనం ముందు పెట్టి ఉంటే మనకు అంతకంటే నమ్మదగ్గ గణాంకం ఉండేది కాదు.

దీనికి వచ్చే మొదటి అభ్యంతరం నాకు తెలుసు. దొంగచాటు వ్యాపారం కదా, దొంగ లెక్కలు చూపిస్తాడా, ఎంత చేసినా కచ్చితమైన అంకె రాదు, ఉన్నదాంతో సరిపెట్టుకోవాలి అంటారు. కచ్చితమైన అంకె రాదన్నది నిజమే. అయితే అంచనా వేయడానికీ కాకిలెక్క చెప్పడానికీ తేడా ఉంది. అంచనా తన పద్ధతిని చెబుతుంది, ఎంత అటూఇటూ కావచ్చో చెబుతుంది. అఫ్ఘానిస్తాన్‌లో గసగసాల సాగును ఉపగ్రహ చిత్రాలతో కొలిచి, 2022లో 2,33,000 హెక్టార్లున్నది నిషేధం తర్వాత 2023లో 10,800 హెక్టార్లకు పడిందని ఐక్యరాజ్యసమితి చెప్పగలిగింది. బహిరంగ పొలాల్లో పూచే పంట కాబట్టి అది సాధ్యమైంది. మన కొండల్లో అడవి నీడన, ఇతర పంటల నడుమ దాచిన మొక్కకు అది అంత సులువు కాదు. పైగా సాగు లెక్క సరఫరా లెక్క కాదు. అఫ్ఘానిస్తాన్‌లోనూ పాత నిల్వలు తర్వాత ఏళ్లలో అమ్ముడవుతూనే వచ్చాయి. ఏజెన్సీలో గంజాయి సాగు వంద ఎకరాల లోపుకు తగ్గిందని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025లో చెప్పింది. అది మంచి వార్తే. కానీ సరిహద్దుకు అవతల మల్కన్‌గిరి, కోరాపుట్ కొండలున్నాయి. ఇటు నొక్కితే అటు ఉబికే వ్యాపారంలో ఒక రాష్ట్రం ఎకరాల లెక్కతో 63వ రహదారి మీద ఏం పారుతోందో చెప్పలేం.

రెండో అభ్యంతరం పోలీసుల వైపు నుంచి వస్తుంది. పెద్ద అంకెలు చూస్తే నేరస్థుడు భయపడతాడు, కష్టపడ్డ సిబ్బందికి గుర్తింపు వస్తుంది అని. గుర్తింపు రావలసిందే. కానీ పట్టుబడిన కిలోలతోనే పనిని కొలిస్తే, బరువైన గంజాయి లారీ వెంట పడడం లాభం, తేలికైన అల్ప్రాజోలం జాడ వెతకడం నష్టం అయిపోతుంది. తొందరపాటు ప్రకటనలకూ ఇదే దారి. 2024 మార్చిలో విశాఖ రేవులో బ్రెజిల్ నుంచి వచ్చిన 25 వేల కిలోల ఎండు ఈస్ట్‌లో మాదకద్రవ్యాల ఆనవాళ్లున్నాయని ప్రాథమిక పరీక్షలు చూపగానే ఎన్నికల వేళ దేశమంతా మోగిపోయింది. ప్రయోగశాల పరీక్షల్లో అందులో మాదకద్రవ్యాలు లేవని తేలినట్టు నెలల తర్వాత వచ్చిన వార్త ఎంతమంది చదివారు?

ఎంత పరిమాణమైనా మత్తు చెడ్డదే, కొలవడం దేనికని అడిగేవాళ్లూ ఉన్నారు. జగిత్యాల ఆసుపత్రిలో వ్యసన విముక్తికి ఎన్ని పడకలు కావాలో, కల్తీ కల్లు ఆపేముందు ఎన్ని మందులు సిద్ధంగా ఉంచుకోవాలో, గంజాయి మానిన గిరిజన రైతుకు కాఫీ, పసుపు మొక్కలు ఎన్ని ఇవ్వాలో అంకె లేకుండా ఎవరు చెప్పగలరు? 2015లో మనుషులు చనిపోయింది ఆ లెక్క ముందుగా చేతిలో లేకపోవడం వల్ల కూడా.

దారులు లేకపోలేదు. యూరప్‌లో పలు నగరాలు 2011 నుంచి మురుగునీటిని పరీక్షించి ఊరు మొత్తంలో ఏ మత్తు ఎంత వాడుతున్నారో చూస్తున్నాయి. మన పల్లెలకు అంత మురుగు కాలువల వ్యవస్థ లేదు, కానీ మనకు అంతకంటే తేలికైనది ఉంది. కల్లు గీసే చెట్లకు నంబర్లు వేసే పద్ధతి మనకు పాతదే. చెట్టుకు ఎన్ని లీటర్లు దిగుతుందో గీత కార్మికులకు తెలుసు. డిపోలో అమ్మేది చెట్లు ఇవ్వగలిగినదానికంటే ఎంత ఎక్కువో, అంత కల్తీ. ఇక అనుమానం వచ్చిన డిపోలోనే కాకుండా, చీటీ తీసి ఎంచిన డిపోల నుంచి ప్రతి నెలా నమూనాలు తీసి పరీక్షిస్తే, ఆ శాతమే సరఫరాకు అద్దం పడుతుంది. అబ్కారీ శాఖకు రసాయన పరీక్షా కేంద్రాలు ఇప్పటికే ఉన్నాయి, సిబ్బందీ ఉన్నారు. కొత్త చట్టం అక్కర్లేదు. అధికారులను అడిగేది ఒక్కటే: జగిత్యాల జిల్లా నుంచే మొదలుపెట్టండి. బీర్పూర్, ధర్మపురి, కోరుట్ల డిపోల్లో ఎన్ని నమూనాలు తీశారో, వాటిని ఎలా ఎంచారో, ఎన్నింటిలో మందు తేలిందో, ఎంత మోతాదులో తేలిందో నెలనెలా మండల కార్యాలయం గోడ మీద అంటించండి. ఆ కాగితంలో కోట్ల రూపాయల అంకె ఒక్కటీ ఉండనవసరం లేదు.